పుల్ డౌన్ అంటే ఏంది టీచరమ్మా

బడిని కూల్చొద్దని సాయంత్రంలోగా అర్జీ రాయాలి. వేలిముద్రలకు సిరాపెట్టె తేవాలి. ఇల్లిల్లూ తిరగాలి. ముత్తుకూరు వెళ్ళి జిరాక్సు తీయించాలి. అన్నిటికన్నా ముందు, బడి కట్టిన మేస్త్రీ మీరా మొహిద్దీన్ చేత మొదటి సంతకం పెట్టించాలి.

జయశీల ఆ బడిలోనే చదువుకుంది, వాళ్ళింట్లో తొలి డిగ్రీ ఆమెదే. ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతోంది. ఆ బడిని కూల్చేస్తామని పొద్దున అధికారులు ఇంగ్లీషు కాగితం ఒకటి తలుపుకు అంటించి పోయారు. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

"చూసినావా మామా, ఎవడో పేరు లేకుండా అర్జీ పెట్టినాడంట. పెన్న ఇసుకకు బదులు సముద్రపు ఇసుక కలిపి కట్టినారంట. నీ పనిని అంత మాట అంటాడా వాడు?"

మొహిద్దీన్ తాపీ కడుగుతూ తలెత్తలేదు.

"కాగితంలో ఏమనుండాది టీచరమ్మా?"

"పుల్ డౌన్ అని."

"అంటే ఏంది? రిపేరా?"

"కాదు. పుల్ అంటే లాగడం, డౌన్ అంటే కిందికి. రెండూ కలిస్తే, కట్టినదాన్ని మనుషులే పూనుకుని కూల్చేయడం. దానంతటది పడిపోతే ఆ మాట వాడరు."

"అయితే పడకముందే చేసేదా?"

"ముందే."

"శ్లాబుతో సహానా?"

"ఒక్క ఇటుక కూడా ఉంచరు. పిల్లోళ్ళను ఎండలో కూర్చోబెట్టాలా? నీ మనవరాలు ఫరీన్ కూడా అక్కడే గదా చదివేది."

"దానికి నాలుగు రోజులుగా జొరమమ్మా. పంపడం లేదు."

"ఆ అర్జీ పెట్టినోడు దొరికితే చెప్పు తీసుకుని కొడతా."

"కొట్టాల్సిందేలే" అన్నాడు మొహిద్దీన్.

ఆమె కలం అందించింది. ఆయన చేతులు తుడుచుకున్నాడు గానీ కలం అందుకోలేదు.

"అందరివీ అయినాక పెడతాలే."

బాధలో ఉన్నాడనుకుని ఆమె ముందుకు సాగింది. ఊరంతా సంతకాలు పెట్టింది. ఆ పేరు లేనివాణ్ణి నోరారా తిట్టింది.

అయినా కూల్పు ఆగలేదు. శుక్రవారం యంత్రం అలా తగిలిందో లేదో, గోడ ముగ్గుపిండిలా రాలింది. సముద్రపు ఇసుకలోని ఉప్పుకు శ్లాబులో చువ్వలు తుప్పుపట్టి పుల్లల్లా విరిగాయి. తిట్టిన నోళ్ళన్నీ మేస్త్రీ మీదికి మళ్ళాయి.

"కంట్రాక్టరు ఆ ఇసుక తోలితే మాత్రం, కలిపింది నీ చెయ్యి కాదా మామా? ఇన్నేళ్ళు మా నెత్తిమీద ఉప్పు పెట్టి, నోరు మూసుకుని ఎట్లా ఉన్నావు?" అని జయశీల నలుగురిలో నిలదీసింది.

ఆయన విరిగిన చువ్వనొకటి పక్కకు జరిపి ఇంటిదారి పట్టాడు. ఇప్పుడాయన్ను ఎవరూ పనికి పిలవడం లేదు. జయశీల ఆయన వాకిలి తొక్కడం లేదు.

పేరు లేని ఆ మొదటి అర్జీ పెట్టింది మొహిద్దీనేనని మీరైనా గుర్తుంచుకోండి.