మల్లెపాదు పక్కన పలక

సబియా పలకను పాతిన చోట ముత్యమ్మ సీసాడు పేడనీళ్లు పోసింది. అటూ ఇటూ చూసి, మిగిలిన చుక్కలు పక్కనున్న మల్లెపాదుకు విదిలించింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

అది పటాన్‌చెరు దగ్గరి షెడ్డు. సముద్రం కంటపడని ఆ చోట, కోటీశ్వరులు షికారుకు వెళ్లే పడవలకు లోపలి పలకలు చేస్తారు. సముద్రానికి కీడు చేయని పడవలట. అందుకే ప్లాస్టిక్కు మానేసి, గోగునార పరిచి, చెట్ల జిగురు పోసి అచ్చులో వత్తుతారు.

నార పనిలో ముత్యమ్మకు ఎదురులేదు. సబియాకు ఆ పని నేర్పిందీ ఆమే. ఏకై వచ్చిన ఆ పిల్ల ఏడాది తిరక్కుండా మేకై కూర్చుంది. షెడ్డు నడిపే నిషిత మేడం నోట పొద్దున లేస్తే సబియా, పొద్దుగూకితే సబియా! ముత్యమ్మ కడుపులో కుంపటి రగిలింది.

ఓ రోజు నిషిత మేడం ఇద్దరినీ పిలిచింది. ఇద్దరి పలకలూ మట్టిలో పాతిపెట్టి, వానలు పోయాక తవ్వుతారట. గెలిచినామె విశాఖ వెళ్లి, పడవను నీళ్లలోకి దించే వేళ కొబ్బరికాయ కొట్టాలి. మేడం ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ముత్యమ్మకు వినబడితేగా! మేడం చెయ్యి సబియా భుజం మీదుంది. ముత్యమ్మ కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

పలకలు పాతిన సాయంత్రమే తన పలకను పైకి తీసి, ఎరువుల సంచిలో గట్టిగా చుట్టి మళ్లీ పాతింది. సబియా పలకకు మాత్రం పేడనీళ్లు, పులిసిన గంజి. గోగుకట్టెలు కుళ్లబెట్టి నార తీసిన చేతికి ఆ విద్య ఒకరు నేర్పాలా?

“ముత్యమ్మక్కా, మల్లెచెట్టుకు మస్తు సేవ చేస్తున్నవ్. పూస్తె నాక్కూడ ఇయ్యాలె!” అంది సబియా ఓసారి.

“నీకు గాక ఎవరికిస్త బిడ్డా?”

వానలు వెళ్లాయి. తవ్వకానికి ముందురోజు ముత్యమ్మ గుట్టుగా సంచి ఊడదీసింది. విశాఖకు కట్టుకెళ్లే చీర కూడా తీసి పెట్టుకుంది.

తవ్వారు. ముత్యమ్మ పలక ఇప్పుడే అచ్చులోంచి తీసినట్టు మెరుస్తోంది. సబియా పలక ఉన్నచోట పిడికెడు నల్లమట్టి, రెండు నారపోగులు. ఆ పిల్ల నోరు తెరిచి అలాగే చూసింది.

“అయ్యో, గిట్లెట్లాయెనే పిల్లా!” అంటూ ముత్యమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

“పడవ పాతబడ్డాక ఏండ్లకేండ్లు కుళ్లకుండా ఒడ్డున పడి ఉండకూడదనే కదమ్మా, ముందుగా మట్టయిపోయిన పలకకే గెలుపని ఆ రోజు చెప్పింది!” అంటూ నిషిత మేడం కొబ్బరికాయను సబియా చేతిలో పెట్టింది.