మూడో భాగమే గొప్పది

“ఆ ఓడ ఆట ఎన్ని భాగాలొచ్చినాయిరా?” ఎర్రన్న బావిలోకి కేకేసి అడిగాడు.

గట్టుకు కాస్త దూరంగా నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడాయన. నడుముకు కట్టుకున్న మోకు ఇంకా విప్పలేదు. ఆ మోకు రెండో కొసను పక్క చేని కొండప్ప రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. దింపడానికి కాదు, దిగనీయకుండా.

“ఆరు, నాయనా!” బావి అడుగు నుంచి పెద్దకొడుకు కిరణ్ గొంతు వచ్చింది. “ఏడోది వచ్చే ఏడు వస్తాదంట.”

కుందుర్పి దగ్గర ఆ చేలోని బావి ఎండిపోయి చాలా కాలమైంది. అడుగున పక్కకు వేయించిన అడ్డబోరులో మన్ను తీస్తే కొంచెమైనా ఊట వస్తుందేమోనని ఆ పొద్దున అన్నదమ్ములిద్దరూ దిగారు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఒక పక్క గోడ కూలింది.

ఎర్రన్న గొంతు చించుకుని ఇద్దరినీ పిలిచాడు. కొంతసేపు దుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు. తర్వాత కిరణ్ పలికాడు.

“ఉండాం నాయనా! నాకు నడుము దాకా మన్ను పడినాది. సందీపు అడ్డబోరు పక్కన, లోపలికుండాడు. వాని మాట పైకి రాదు.”

ఎర్రన్న మోకు తీసి నడుముకు చుట్టుకున్నాడు. “నేను దిగుతాండా.”

“దిగొద్దు! నువ్వు కాలు పెడితే గట్టంతా మా మీదికొస్తాది. వాడూ వద్దంటాండాడు.”

నిజమే. గట్టు వెంబడి చెయ్యి దూరేంత పగులు పారింది. ఉండుండి మన్నుపెళ్లలు లోపలికి రాలుతున్నాయి.

ఫోన్‌లో అగ్నిమాపక కేంద్రం వాళ్లు చెప్పింది ఒకటే. ఎవరూ గట్టు దగ్గరికి పోవద్దు, లోపలున్నవాళ్లు స్పృహ తప్పకుండా మాట్లాడిస్తూ ఉండండి. కళ్యాణదుర్గం నుంచి మన్ను తవ్వే ఇటాచి బయలుదేరింది, వస్తుంది.

ఏం మాట్లాడాలి? కొడుకులతో ఎర్రన్న మాట్లాడేదంతా వేరుశనగ గురించి, కరెంటు గురించి. వాళ్లిద్దరూ పగలబడి నవ్వుకుంటూ, కొట్టుకునేదాకా పోయి మాట్లాడుకునేది మాత్రం ఆ ఆట గురించే. ఒంటికన్ను కెప్టెన్ ఒకడు ఓడలో సముద్రాలు తిరిగే వీడియో గేమ్. బడికి పోయే రోజుల్లో మొదలుపెట్టారు, మీసాలొచ్చినా మానలేదు. ఒకసారి కోపం పట్టలేక ఆయన ఆటపెట్టెను వాకిట్లోకి విసిరేశాడు కూడా.

ఇప్పుడు దాని గురించే అడుగుతున్నాడు.

“వాట్లో ఏది బాగుంటాదిరా?”

“మొదటిదే, నాయనా. బొమ్మలు అధ్వానం. సముద్రం నీలం కాగితం మాదిరి ఉంటాది. కానీ దారి ఎవరూ చూపరు. చుక్కలు చూసుకుంటా పోవల్ల. తప్పిపోతే తప్పిపోయినట్టే. మూడో దాంట్లో బాణం గుర్తు పెట్టినారు, ఇట్ల పో, అట్ల పో అని. ఆడ చెడిపోయినాది ఆట.”

“సందీపేమంటాడు?”

కొంచెం ఆగి జవాబు వచ్చింది. “నన్ను తిడ్తాండాడు. మూడోదే గొప్పదంట.”

“ఎందుకంట?”

“దాంట్లోనే గదా ఇద్దరూ కలిసి ఆడొచ్చు. అంతకు ముందు నేను ఆడ్తాంటే వాడు పక్కన కూచోని చూసేటోడు.”

కొండప్ప నవ్వాడు. ఎర్రన్న ముఖం కూడా కొంచెం తేటపడింది. చిన్నోడి తీరే అంత. అన్న అవునంటే కాదంటాడు.

ఇంతలో పెద్ద పెళ్ల ఒకటి విరిగి పడింది. కింద దబ్బుమన్న చప్పుడు. దుమ్ము పైదాకా లేచింది.

“కిరణా!”

దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గే. “నాలుగో దాంట్లో... కెప్టెన్‌ను చంపేసినారు నాయనా. ఆడేటోళ్లంతా గగ్గోలు పెట్టినారు. ఐదో దాంట్లో మళ్లా బతికించి తెచ్చినారు. నాకది నచ్చలా. పోయినోన్ని పోనీయల్ల గదా.”

“వాడేమంటాడు?”

“వానికి... వానికి బతికించిందే నచ్చినాది.”

ఎర్రన్న ఓర్పు తప్పింది. “సందీపా! నువ్వే ఒక్క మాట పలకరా! గట్టిగా పలుకు!” అంటూ మోకాళ్ల మీద పగులు వైపు పాకాడు. కొండప్ప మడమలు నేలకు తన్నిపెట్టి మోకు లాగాడు.

“వాని నెత్తి మీదే గోడ వేలాడ్తాండాది. అరిస్తే రాల్తాది నాయనా, నేనే అరవద్దన్నా.” కిరణ్ గొంతు సన్నబడింది. “వాని చెయ్యి నా చేతిలోనే ఉండాది. నువ్వు ఆడే ఉండు. నీ కాళ్లు పట్టుకుంటా, ఆడే ఉండు.”

ఎర్రన్న పాక్కుంటూ వెనక్కి వచ్చాడు. “ఆరోది చెప్పు,” అన్నాడు.

“ఆరో దాంట్లో సముద్రం శానా పెద్దది. ఎంత పోయినా ఒడ్డు రాదు. చేసేదానికేమీ ఉండదు. అయినా ఆడినాం. తెరచాప లేచేటప్పుడు ఒక పాట వస్తాది నాయనా. వాళ్లు ఎంత చెడగొట్టినా, ఆ పాట కోసం మళ్లా పోతాం.”

ఇటాచి వచ్చేసరికి ఎండ వాలింది. పగులుకు ఎదురు పక్క నుంచి వాలుగా తవ్వుకుంటూ దిగారు. అంతసేపూ కిరణ్ మాట్లాడుతూనే ఉన్నాడు. చెప్పిందే చెప్పాడు. తమ్ముడితో వాదించాడు, ఓడిపోయానని ఒప్పుకున్నాడు, మళ్లీ వాదించాడు. గొంతు గుసగుసగా మారినా ఆపలేదు.

ముందు కిరణ్‌ను పైకి తెచ్చారు. పెదవుల నిండా ఎర్రమన్ను. అతను ఎవరి ముఖమూ చూడలేదు. వెనకే రెండో స్ట్రెచర్ వచ్చింది.

ఎర్రన్న పరుగున పోయి దాని మీదికి వంగాడు. “లేయ్‌రా సందీపా! ఇంగ నీ నోటితోనే చెప్పు. ఏడోది నేను కొనిస్తా, ఇద్దరూ ఆడుకుందురు.”

అంబులెన్స్‌లో వచ్చిన డాక్టర్ ఆయన్ను పక్కకు తప్పించి, మోకాళ్ల మీద కూర్చుని మెడను, బిగుసుకుపోయిన చేతులను తడిమి చూశాడు. లేచి, ఎర్రన్న భుజం మీద చెయ్యి వేశాడు.

“మధ్యాన్నం గోడ కూలిన ఆ క్షణంలోనే మెడ విరిగి పోయినాడు పెద్దాయనా, మీ చిన్నోడు.”