మూడో మాట

"గొడుగు, తాళం, గుర్రం. కాసేపయ్యాక అడుగుతాను, చెప్పాలి అమ్మమ్మా" అంది నర్సింగ్ కాలేజీ పిల్ల. మతిమరుపు జబ్బు గురించి నేర్చుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారట. నేర్చుకోవడానికి మా అమ్మే దొరికింది!

కాసేపయ్యాక అడిగింది. అమ్మ జవాబు కోసం నా మొహంలోకి చూసింది. ఆ పిల్ల "పర్లేదు అమ్మమ్మా" అంటూనే కాగితం మీద సున్నా చుట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముసలావిడకి పరీక్షలేంటి? మార్కులు ఆవిడకా, నీకా? ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయింది. ధడాలున తలుపేసి, వంటగదిలో గిన్నెల మీద పడ్డాను. ముచ్చటగా మూడే మాటలు. అవి కూడా చెప్పలేకపోయింది మా అమ్మ! గొడుగు. తాళం.

కుళాయి కట్టేశాను. మళ్ళీ మొదటినుంచి అనుకున్నాను. గొడుగు. తాళం.

చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తి, ఆ పిల్ల జబ్బ పట్టుకున్నాను.

"మూడోది ఏంటే?"

దాని మొహం వెలిగిపోయింది. "అమ్మమ్మకి మిగతా రెండూ గుర్తొచ్చాయా అండీ?"

"అమ్మమ్మ సంగతి నీకెందుకు? మూడోది చెప్పు!"