అద్దాల పెట్టెలో కెమెరా

"ఇంకా స్టాక్ రాలేదన్నా. బుక్ చేసినవాళ్ళలో మీ పేరే ముందుంది. వస్తే నేనే ఫోన్ చేస్తానుగా?"

కెమెరాల షాపు కౌంటర్లో అమ్మాయి పొద్దున్నుంచీ బుక్ చేసినవాళ్ళందరికీ ఇదే చెప్పి అలసిపోయింది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ మాత్రం కదల్లేదు. అద్దాల పెట్టెలో మెరుస్తున్న కొత్త కెమెరాను చూపించాడు.

"పోనీ, అది ఇవ్వమ్మా."

"అది డమ్మీ అన్నా! పైకే కెమెరా, లోపల ఏమీ ఉండదు."

"తెలుసులే. రేపు ఒక్కపూట ఇవ్వు. కొత్త కెమెరాతో తీస్తానంటేనే పెళ్ళివారు ఒప్పుకున్నారు. లేదంటే ఈ పనీ పోతుంది. దీన్ని మెళ్ళో వేసుకుని, పాతదాంతో తీసేస్తాను."

"ఖాళీ డబ్బా చూపించి మోసం చేస్తారా?"

అతను జవాబు చెప్పేలోపే ఒక జంట లోపలికొచ్చి పెట్టె ముందు ఆగింది.

"అబ్బ, ఎంత బావుందో! ఎప్పుడిస్తారు?"

"వచ్చేవారమే సార్. ఇవాళే అడ్వాన్స్ కట్టేయండి," అలవాటుగా అనేసి, కౌంటర్లో అమ్మాయి నాలుక కరుచుకుంది.

ఆలోచించుకుని వస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. ఫొటోగ్రాఫర్ ఆమెకేసి చూశాడు.

ఆమె పెట్టె తాళం తీసి, డమ్మీని తుడిచి అతని చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రానికల్లా తెచ్చెయ్యండన్నా. ఇది లేకపోతే నా పనీ నడవదు."