టీవీలో మెంతి రంగు చీర

ఆగండాగండి, పేజీ తిప్పకండి. ముందు ఈ విమలమ్మ సంగతి వినండి. తర్వాత మీతో ఒక పనుంది.

ఎనభై అయిదో సంవత్సరం. వరంగల్లోకి టీవీలు ఒక్కొక్కటిగా దిగుతున్న రోజులు. సాయంత్రం ఆరున్నర. మట్టెవాడలో రాయమల్లు టీవీల షాపు. షట్టర్ సగం దించి ఉంది. లోపల స్టూలు మీద కైలాసం. పక్కన ఆయన భార్య విమలమ్మ, గోడకు ఆనుకుని.

కైలాసం అంటే కొత్తవాడ సొసైటీలో రంగుల మేస్త్రి. జంపఖానాల నూలుకు ముప్పై ఏళ్లుగా ఆయనే రంగు వేస్తున్నాడు. రంగునీళ్లు మరిగే కాగులోంచి నూలు తీస్తే చాలు, ఆరాక ఏ రంగు తేలుతుందో తడి మీదే చెప్పేసేవాడు.

అలాంటి కైలాసం వేసిన ఎరుపు పోయిన నెల తిరిగొచ్చింది. రెండు వందల జంపఖానాలు, ఒక్కోటి ఒక్కో ఎరుపు! "పొడి కల్తీది" అన్నాడు. మొన్నటికి మొన్న మరుగుతున్న కాగులో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా బొబ్బలు. "కాలు జారింది" అన్నాడు.

విమలమ్మ అనుమానం వేరు. ఆయన కళ్లు.

దవాఖానకు పోదామంటే ఇంతెత్తున లేచాడు. పోనీ ఇంట్లోనే అడిగి చూద్దామా అంటే లాభం లేదు. ఏ నూలు ఏ మేకుకు వేలాడుతుందో, ఏ చీర దండెం మీద ఏ మూలనుంటుందో అన్నీ ఆయనకు కంఠతా. చూడకుండానే చెప్పేస్తాడు.

నిన్న సొసైటీ ప్రెసిడెంటు పాండురంగం వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"వదినె, కొత్త ఆర్డరొచ్చింది. ఎల్లుండి పొద్దుగాల కాగు పొయ్యెక్కాలె. ఈపారి గూడ తప్పితే నలభై మగ్గాలు బందయితయి. అన్నను పక్కకు జరుగుమనాలంటే నాకు నోరొస్తలేదు. నువ్వే జర చూసి చెప్పు. నీ మాటే ఖాయం."

రాత్రంతా విమలమ్మ నిద్రపోలేదు. తెల్లారేసరికి టీవీ గుర్తొచ్చింది.

టీవీ అంటే కైలాసానికి పిచ్చి. "తీసుకుంటే రంగుల టీవీయే తీసుకోవాలె. రంగుల మేస్త్రి ఇంట్ల నలుపుతెలుపు డబ్బా పెడితే గల్లీ గల్లంత నవ్వుతదే" అని ఏడాదిగా అంటున్నాడు. పైగా టీవీలో అందరూ తెలియని మనుషులు. తెలియని చీరలు. అక్కడ కంఠతా పట్టడానికేమీ ఉండదు.

"షాపుల అన్నిట్ల పెద్దది ఇదే మామా" అంటూ రాయమల్లు స్విచ్ నొక్కాడు. బుర్రుమంది. మెల్లగా బొమ్మ తేలింది. ఎవరో ఒకామె కూర్చుని వార్తలు చదువుతోంది.

"ఎట్లుందో చెప్పు. ఇంటికి తీసుకపోయేది గదా" అంది విమలమ్మ.

కైలాసం స్టూలు ముందుకు జరుపుకున్నాడు. మళ్లీ ఇంకాస్త జరుపుకున్నాడు.

"గొంతు ఖంగుమంటాంది. బొమ్మ గూడ మంచిగనే ఉంది."

"ఆమె కట్టిన చీర ఏం రంగు?"

షాపులో ఫ్యాను టకటకమంటోంది. విమలమ్మ పుస్తెలు పిడికిట్లో పట్టుకుంది. ఒక్క మాట. ఆయన నోట్లోంచి ఒక్క సరైన మాట వస్తే చాలు.

"నన్నే అడుగుతానవా?" పకపకా నవ్వాడు కైలాసం. "మెంతి రంగు. అంచు పండుమిర్చి ఎరుపు. గా ఎరుపు ఒక్క ముంచుడు ఎక్కువైందే. నేనైతే నిమిషం ముందే తీస్తుంటి."

రాయమల్లు నోరు తెరిచాడు. అంత లోతుగా ఆ షాపులో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"ఇంకోపారి చూడయ్యా. తొందరేం లేదు" అంది విమలమ్మ.

"ఒకపారి చూస్తే సాలదా? మెంతి రంగంటే మెంతి రంగే!"

వార్తలు అయిపోయాయి. రైతుల కార్యక్రమం మొదలైంది. వరినాట్ల గురించి ఎవరో పెద్దమనిషి చెప్తున్నాడు.

"ఇప్పుడో?" అంది విమలమ్మ.

"వరి మడి. చిలకపచ్చ. కాకుంటే పసుపు దిక్కు గుంజుతాంది. అరే రాయమల్లూ, బటన్ తిప్పి జర పసుపు తగ్గియ్యరా!"

రాయమల్లు విమలమ్మ వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను ఏదో బటన్ పట్టుకుని తిప్పాడు.

"హా! గిప్పుడు కుదిరింది సూడు!" తొడ చరిచాడు కైలాసం.

విమలమ్మ కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. ఆయన పక్కన నిలబడే చెంగు నోట్లో కుక్కుకుంది. ఎంత ఆపుకున్నా ముక్కు ఎగబీల్పు మాత్రం ఆగలేదు.

"ఏందే, సర్ది వట్టిందా?" అన్నాడు కైలాసం ఆమె వైపు తిరిగి. "ఇంటికి వోయి మిరియాల కషాయం తాగు. రాయమల్లూ, గిదే ఖాయం చెయ్యి. రేపటి సంది కాగు మీద పని. మళ్ల రానీకి పురుసత్ దొరకది."

విమలమ్మ రమ్మన్న వేళకు షట్టర్ కింద నుంచి పాండురంగం వంగి లోపలికొచ్చాడు. వస్తూనే విమలమ్మ మొహం చూశాడు.

"వదినె, ఏమంటవ్? రేపు కాగు అన్న చేతికేనా?"

విమలమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"గంత అనుమానమేందిరా?" కైలాసం స్టూలు మీంచి లేచాడు. మొహం వెలిగిపోతోంది. "ఒక్క రంగన్న తప్పు చెప్పిన్నా? అడుగు, మీ వదినెనే అడుగు!"

పొద్దున్నే వచ్చి రాయమల్లును బతిమాలి మరీ విమలమ్మ పెట్టించిన ఆ టీవీ ఉత్త బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఇప్పుడు ఆమె స్థానంలో మీరుంటే పాండురంగానికి ఏమని చెప్తారు?