లోపల తుడుస్తానని చెప్పి

"టాపు మీద ఎవడు చూడొచ్చాడే? పక్కలు మెరిస్తే చాలు," అంటాడు మా ఆయన, మంచం, వంటగట్టూ అన్నీ లోపలే ఉన్న మా మోటర్‌హోమ్ బండి కడిగిన ప్రతిసారీ. బొమ్మలేసిన ఆ పక్కలకు వ్యాక్స్ పూసి పూసి మురిసిపోతాడు.

మురికి పైనుంచే కదా కారేది! ఈసారి లోపల తుడుస్తానని చెప్పి, చప్పుడు చెయ్యకుండా వెనక నిచ్చెనెక్కాను.

వారం రోజుల ప్రయాణపు దుమ్ము టాపంతా పేరుకుంది. సరిగ్గా మా మంచానికి పైన మాత్రం, ఓ మనిషి పడుకున్నంత మేర దుమ్మే లేదు. అక్కణ్ణుంచి, లోపలికి గాలి రావడానికి పెట్టిన మూత దాకా అరచేతుల ముద్రలు. మూత ఎత్తి ఉంది.

నిచ్చెన చివరి మెట్టు మీదే ఆగాను.

అవతలి పక్కనుంచి ఆయన కేకేశాడు: "ఏమేవ్, ఆ కిటికీ మూసెయ్! నీళ్ళు కొడుతున్నా."

కిటికీ మూసుకుంది. లోపల గడియ కూడా పడింది.