మన్నించే కర్ర

"మళ్ళీ ఓబులయ్య మామ కంది చేలోనే పడిందండీ," అని తరుణ్ భార్య యామిని బీడు ఆ చివర నుంచి ఫోన్లో చెప్పింది. గురి కోసం ఎర్రగుడ్డ కట్టి నాటిన కట్టె పక్కన నిలబడి ఉందామె. తరుణ్ ఇంకో బంతి పెట్టుకుని కొట్టాడు. అది అవతలి పక్క చిల్లచెట్ల ముళ్ళకంపలోకి పోయింది.

తరుణ్ చేతిలో ఉన్నది డ్రైవర్. గోల్ఫు ఆటలో బంతిని అన్నిటికంటే దూరం పంపే పెద్దతల కర్రకు ఆ పేరు. బెంగుళూరులో ఆ కర్రలమ్మే కంపెనీలో అతని ఉద్యోగం. కొత్త కర్ర వచ్చినప్పుడల్లా కొట్టి చూసి, మామూలు మనిషి చేతిలో అది ఎట్లా పనిచేస్తుందో రాసి పంపాలి. పెద్దారవీడు పక్కనున్న అత్తగారి ఊళ్ళో మాత్రం, పిచ్చయ్య అల్లుడు బస్సు డ్రైవర్లకు పరీక్ష పెట్టే ఆఫీసరని అనుకుంటున్నారు. వినడానికి బాగానే ఉంది కాబట్టి పిచ్చయ్య కూడా కాదనలేదు.

పోయినసారి తరుణ్ బ్రహ్మాండమని రాసిన కర్రను కొన్నవాళ్ళంతా తిరిగి తెచ్చి కంపెనీ మొహాన కొట్టారు. ఇంకొక్కసారి రాత తప్పితే ఇంటికి పోవడమేనని మేనేజరు జీవానందం తేల్చి చెప్పేశాడు. ఇల్లంటే ఇప్పుడు అత్తగారిల్లే. అక్కడ నెల దాటిన అల్లుడి బతుకు ఎట్లా ఉంటుందో పగవాడికి కూడా చెప్పుకోలేం. అందుకే ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడాలని, పాత కర్రను, కొత్త కర్రను రెంటినీ తీసుకుని వచ్చాడు. బోరు ఎండి బీడుపడిన మామగారి చేలో ఎన్ని కొట్టినా అడిగేవాడు లేడు.

అడిగేవాడు లేడు గానీ, గట్టు మీద కూర్చుని నవ్వేవాళ్ళు నలుగురున్నారు. అంత బీడు ఎదురుగా పెట్టుకుని నీ అల్లుడికి నా కంది చేనే కనపడిందా బావా అని, ఓబులయ్య అందరి ముందూ పిచ్చయ్యను అడిగాడట. అల్లుణ్ణి అంటే తన్ను అన్నట్టే. ఆ పూట పిచ్చయ్య అన్నం ముందు నుంచి లేచిపోయాడని ఆయన భార్య కృష్ణవేణమ్మ కూతురితో చెప్పుకుని బాధపడింది.

మర్నాడు కొత్త కర్ర వంతు. పిచ్చయ్య తెల్లారే తువ్వాలు భుజాన వేసుకుని తయారైనాడు. ఎండలో ఆడపిల్ల ఎందుకు, గుడ్డ కాడ తానే నిలబడతానన్నాడు. పరీక్ష జరిగే చోట జనం ఉండగూడదని గట్టు మీదివాళ్ళను కూడా పంపించేశాడు.

"మామా, ఒక్క మాట," అన్నాడు తరుణ్. "నా మీద ప్రేమతో లేనిది చెప్పొద్దు. నా ఉద్యోగం దీని మీదే ఉంది. బంతి ఎక్కడుంటే అక్కడ పుల్ల నాటి, తువ్వాలు ఊపండి. చివర్న నేనే వచ్చి చూసుకుంటా."

"అబద్ధం నా నోట రాదు నాయనా. బంతి యాడుంటే ఆడనే పుల్ల," అన్నాడు పిచ్చయ్య.

ఆ కొత్త కర్ర గొప్పేమిటంటే, దాంతో కొడితే బంతి గాల్లో తక్కువ గిరగిరలు తిరుగుతుంది. తక్కువ తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. అయితే అట్లాంటి కర్రలకు కోపమెక్కువ. దెబ్బ నడిమధ్య తగలకుండా కాస్త పక్కకు తగిలిందా, బంతిని ఎటో విసిరేస్తాయి. ఇది మాత్రం దూరానికి దూరమూ పంపుతుంది, తప్పునూ మన్నిస్తుందని కంపెనీ వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆ రెండో ముక్క నిజమో కాదో తరుణ్ తేల్చాలి.

మొదటి దెబ్బకే చేతులు జివ్వుమన్నాయి. కర్ర తల అంచుకు తగిలింది, పోయిందనుకున్నాడు. పొద్దు కంటికెదురుగా ఉంది, బంతి ఎటు పోయిందో ఆనలేదు. చాలాసేపటికి గానీ తువ్వాలు ఊగలేదు. పెద్దాయన, నిదానంగా నడుస్తాడులే అనుకున్నాడు. తర్వాత కావాలనే తప్పుగా కొట్టాడు, అటు అంచుతో కొన్ని, ఇటు అంచుతో కొన్ని. అన్నీ అయినాక పోయి చూస్తే, తల్లికోడి చుట్టూ పిల్లల్లాగా ఎర్రగుడ్డ చుట్టూనే ఉన్నాయి పుల్లలు, పుల్ల పక్కన బంతులు. తరుణ్ నమ్మలేకపోయాడు. టేపు పెట్టి కొలిచాడు. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. మళ్ళీ అంతే.

ఇన్నేళ్ళలో మనిషి తప్పును ఇంతగా కడుపులో పెట్టుకునే కర్రను చూడలేదని రాసి, ఆ రోజే పంపించాడు.

రెండు రోజులకు జీవానందం ఫోన్ చేశాడు. ఈ మాట మీద నిలబడతావా అని అడిగాడు.

"నా కళ్ళతో చూసి, నా చేత్తో కొలిచి రాసినా సార్," అన్నాడు తరుణ్. ఆ మాటలో అబద్ధం లేదు.

అయితే ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు జీవానందం. ఆదివారం కంపెనీ పెద్దలు, ఊరూరి నుంచి దుకాణాలవాళ్ళు ఆ బీడుకే వస్తున్నారు, వాళ్ళ కళ్ళముందు అట్లనే కొట్టి చూపించమన్నాడు.

తరుణ్ ఒక్క పరుగున ఇంట్లోకి వచ్చాడు. కృష్ణవేణమ్మ భర్త మోకాళ్ళకు నూనె రాస్తోంది. సంగతంతా విని పిచ్చయ్య తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. నా అల్లుడు నా ఊళ్ళో తలెత్తుకున్నాడు, నాకింకేం కావాలన్నాడు. ఆదివారం ఎన్ని బంతులు కొడతావని అడిగాడు.

"అంతమంది వస్తున్నారు గదా మామా, ఒక వందైనా కొట్టాలి."

పిచ్చయ్య మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "అయితే ఎట్ల లేదన్నా ఇంకో నలుగుర్ని పిలవాల్సిందే."

"ఎందుకు మామా?"

"పక్కకు పోయినవన్నీ గుడ్డ కాడికి మోసుకురావాలంటే ఒక్కడితో అయ్యే పనా నాయనా?"